చెప్పని రేవు

దానయ్యకు ఆ గదిలో నేల నిలవడం లేదు. మంచం మీద కూర్చుంటే మంచం ఊగుతుంది, కుర్చీలో కూర్చుంటే కుర్చీ ఊగుతుంది. పోనీ అని చల్లటి గచ్చు మీద వెల్లకిలా పడుకుంటే, ఆ గచ్చు కూడా ఎడమకు ఒరిగి, ఒక్క క్షణం ఆలోచించుకున్నట్టు ఆగి, కుడికి లేస్తుంది. అందుకని ఆయన పొద్దున లేచిన దగ్గర్నుంచీ నడుస్తూనే ఉన్నాడు. కిటికీ దాకా నాలుగడుగులు, తలుపు దాకా నాలుగడుగులు. కాళ్లు ఎడంగా పెట్టి, మోకాళ్లు కొంచెం వంచి, తెప్ప మీద నడిచే మనిషి నడక.

"కాసేపు కూకో అయ్యా," అంది కూతురు రేవతి, అన్నంలో చేపల పులుసు పోస్తూ.

"కూకుంటే ఎక్కువౌతాది గుంటా. ఆడూ నిల్సునే ఉన్నాడు మరి."

ఆడు అంటే, రెండు వేల ఆరు వందల ఏళ్ల కిందట చచ్చిపోయిన మనిషి.

వాళ్లున్న ఊరు కాదిస్. స్పెయిన్ దేశానికి ఒక చివర, మూడు వైపులా సముద్రమే, దాని మధ్యకు చొచ్చుకుపోయిన ఊరు. ఎక్కడో తూర్పున టైర్ అనే పట్నం నుంచి ఫినీషియన్లనే పాతకాలపు ఓడ వర్తకులు దేవదారు పడవల మీద మధ్యధరా సముద్రమంతా దాటుకుంటూ వచ్చి కట్టుకున్న రేవు. అప్పట్లో దాని పేరు గాదిర్. ఎర్రటి రంగు గుడ్డలూ వెండీ తగరమూ వాళ్ల సరుకు. ఉప్పు చేప కూడా జాడీల నిండా పెట్టి దేశదేశాలకు పంపేవారని కూతురు చెప్పినప్పుడు దానయ్య ముఖం వికసించింది. "ఉప్పు చేప అమ్ముకునీవోల్లేటి? అయితే మన బందువులే. ముందే సెప్పాలి కదేటే!" అన్నాడు.

అదంతా మార్చి నెల మాట. ఇప్పుడు జూన్.

మనిషి చెవి లోపల, వినికిడితో పని లేని ఒక మూల, సన్నటి సున్నపు పలుకులు ఉంటాయి. తల ఎటు వాలితే అవి అటు జారి, మనం నిలబడ్డామో పడుతున్నామో మెదడుకు చెబుతాయి. కచిడి చేప తలకాయ పగలగొడితే దొరికే తెల్లరాళ్లకు ఇవి చిన్న చెల్లెళ్లు. బతికున్నంత కాలం అరుగుతూ, కొత్తవి పుడుతూ ఉంటాయి. మనిషి పోయిన రోజున అన్నీ ఎక్కడివక్కడ ఆగిపోతాయి. ఆ పలుకుల మీద చివరి నలభై రోజుల ఊపు మొత్తం గీతలుగా నిలిచిపోతుందని కాదిస్‌లోని ప్రొఫెసర్ ఇనేస్ కనిపెట్టింది. ఆ గీతల్ని చదివి, బతికున్న మనిషి చెవుల వెనక రెండు బిళ్లలు అతికించి, ఆ ఊపు మళ్లీ తెప్పించే యంత్రం కూడా ఆమే కట్టింది.

ఊళ్లో ఒక పాత ఇంటి పునాదుల కింద బయటపడిన సమాధిలోని మనిషి చెవి ఎముకను ఆమె చదివింది. అరచేతుల ఎముకల మీద తాడు ఒరిపిడి, భుజం మీద చుక్కాని బరువు గుర్తులు, పడవ నడిపించిన వాడి ఒళ్లు. సరంగే. అతని పక్కన దొరికిన సీసపు రేకు మీద నలభై కుటుంబాల పేర్లు చెక్కి ఉన్నాయి. గాదిర్ వదిలి, మహాసముద్రం మీద దూరాన కొత్త ఊరు కట్టుకోవడానికి వెళ్లారనీ, చేర్చి వచ్చిన సరంగు ఇతనేననీ రాసి ఉంది. ఎక్కడికి అన్నది మాత్రం రాయలేదు. ఆ ఊరు ఎక్కడుందో ఇవాళ్టికీ ఎవరికీ తెలియదు. సరంగు చెవి ఆ దారంతా మోసుకుని తిరిగొచ్చింది.

ఊపు తెప్పించడం ఒక ఎత్తు, దాన్ని చదవగలిగే మనిషి దొరకడం ఒక ఎత్తు. విద్యార్థులు బిళ్లలు పెట్టుకుని వాంతులు చేసుకున్నారు. అక్కడి జాలరులు ఇంజన్లు పెట్టుకుని, దారి చూపే కంప్యూటర్ తెర చూసి పడవ నడిపే వాళ్లు. బిళ్లలు అతికించి, గీత చూసుకునే ఉద్యోగం రేవతిది. విశాఖపట్నంలో చెవి పరీక్షల చదువు చదివి, రెండేళ్ల కిందట ఇక్కడికి వచ్చింది. ఆమే అంది, "మా నాన్నని అడిగి చూడండి. ఇంజన్లు రాకముందు తెరచాప తెప్ప నడిపాడు. కళ్లు మూసుకుని ఒడ్డు ఎంత దూరమో చెబుతాడు," అని. ఆ మాట అన్నందుకు ఆమె ఇప్పుడు రోజూ తనను తాను తిట్టుకుంటోంది.

మొదటి రోజు దానయ్య యంత్రం ముందున్న కుర్చీలో కూర్చుని అయిదు నిమిషాలు ఒళ్లు ఊపుకు వదిలేసి చూశాడు. తర్వాత నవ్వాడు.

"ఈ పడవ పొట్ట గుండ్రంగా ఉన్నాదే. మన పడవలాగ నీటిని కోసుకెల్దు, బాతులాగ ఎల్తాది. బరువున్నాది... సరుకు కాదు. సరుకైతే కట్టిన కాడే పడుంటాది. ఈ బరువు అటూ ఇటూ తిరుగుతన్నాది. మనుసులే గుంటా. పిల్లా జెల్లా అందరూ."

రేవతి ఆ మాట ఇంగ్లీషులో చెప్పగానే ప్రొఫెసర్ ఇనేస్ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. ఎన్నో ఏళ్లుగా ఆమె పేర్లుగా మాత్రమే చూసిన మనుషులు ఒక్కసారిగా పడవలో లేచి తిరిగారు.

ఆ యంత్రంలో సముద్రం మీద ఒక రోజు అరగంటలో గడుస్తుంది. రోజుకొకటో రెండో రోజులు నడిపేవారు. గాలి ఏ భుజానికి తగులుతోందో, పెద్ద కెరటం ఎటునుంచో, కిందనుంచి ఒడ్డుకు కొట్టి తిరిగొచ్చే చిన్న కెరటం ఎటునుంచో దానయ్య చెప్పేవాడు. ప్రొఫెసర్ పటం మీద గీసుకునేది. ఒక రోజు లెక్క పటంతో కలిస్తేనే తర్వాతి రోజుకు వెళ్లాలన్నది ఆమె నియమం. ఒక్క చోట తప్పితే మిగతా దారంతా తప్పుతుంది.

ఇందులో ప్రమాదం ఒకటే. అది మొదట్లోనే తెలుసు. సరంగు ఎక్కడ ఒడ్డుకు దిగాడో, బిళ్లలు పెట్టుకున్న మనిషి కూడా అక్కడ దిగాలి. నడిసముద్రంలో ఆపేస్తే ఒంట్లో సముద్రం ఆగదు. పాబ్లో అనే కుర్రాడు మొదటి ప్రయోగంలో భయపడి మధ్యలో బిళ్లలు పీకేసుకున్నాడు. రెండేళ్లయింది, ఇప్పటికీ గోడ పట్టుకునే నడుస్తాడు. దానయ్య మాత్రం ఆరో రోజున ఒక రేవులో, పదమూడో రోజున ఇంకో రేవులో, పంతొమ్మిదో రోజున ఒక ఇసక తిన్నె మీద సరంగుతో పాటు దిగాడు. దిగిన ప్రతిసారీ ఆ సాయంత్రమే మామూలు మనిషై, వీధి చివర కొట్టులో నారింజలు కొనుక్కొచ్చాడు.

ఇరవై నాలుగో రోజు దగ్గర అంతా ఆగిపోయింది. దానయ్య చెప్పే గాలీ కెరటమూ పటంతో కలవడం లేదు. నిన్న దక్షిణం అన్న చోట ఇవాళ పడమర అంటాడు. ప్రొఫెసర్ ఆ రోజునే మళ్లీ తిప్పుతుంది, మళ్లీ, మళ్లీ. మూడు వారాలుగా ఆయన అదే నీటి మీద ఊగుతున్నాడు.

"ఇంకో వారం ఇలాగే తిప్పితే ఈయన చెవిలోని సొంత పలుకులు కూడా ఈ ఊపుకే అలవాటు పడిపోతాయి," అని చెవి డాక్టరు నిన్న రేవతిని పక్కకు పిలిచి చెప్పాడు. "తర్వాత ఏ ఒడ్డుకు దించినా దిగినట్టుండదు. జన్మంతా ఇంతే."

ఊరు మాత్రం ఆయన పట్ల దయగానే ఉంది. బస్సు డ్రైవరు ఆయన ఎక్కి కమ్మీ పట్టుకునే దాకా తలుపు వెయ్యడు. నారింజల కొట్టు ముసలమ్మ ఆయన దూరంగా వస్తుండగానే ఒక స్టూలు బయటికి తోసిపెడుతుంది. ప్రొఫెసర్ తన చనిపోయిన తండ్రి చేతికర్ర తెచ్చి ఇచ్చింది. రేవతి అవన్నీ చూసి లోపల్లోపలే దణ్ణం పెట్టుకునేది. కానీ స్టూలూ చేతికర్రా కావాల్సిన మనిషి కాదు తన తండ్రి. అరవై నాలుగేళ్ల వయసులో మొన్న మొన్నటి దాకా విశాఖ రేవులో పడవ అంచు మీద నిలబడి చుట్ట కాల్చిన మనిషి.

అన్నం పళ్లెం చేతిలోకి తీసుకుని నిలబడే నాలుగు ముద్దలు తిన్నాడు. అప్పుడే ఫోను మోగింది. అవతల తల్లి మసేనమ్మ. చేపల రేవులో బుట్ట ముందు కూర్చుని, వెనక కాకుల గోలలో, ముఖం తెరకు బాగా దగ్గరగా పెట్టి చూస్తోంది.

"ఏటే, మీ అయ్యకి తగ్గినాదా?"

"లేదమ్మా. ఇంకా ఊగుతున్నాడు."

"ఆడి మొకం ఇటు తిప్పు, సూస్తాను."

రేవతి ఫోను తిప్పింది. దానయ్య పళ్లెం పట్టుకుని అటూ ఇటూ ఒరుగుతూ భార్యను చూసి పళ్లికిలించాడు.

"ఏటలా నవ్వుతావు? ఒల్లు గుల్లయిపోనాది, ఆ నవ్వొకటి," అంది మసేనమ్మ. తర్వాత కూతుర్ని పిలిచింది. "ఓ గుంటా. ఫోను నువ్వు తీసుకోని బయటికి రా."

రేవతి వరండాలోకి వెళ్లింది.

"మీ అయ్యకి జబ్బు కాదే. ఆ నవ్వు నాకు తెలుసు. వల కాలీగా తెచ్చిన రోజు నవ్వీ నవ్వది. నీకు గేపకం లేదేటి? ఎవడైనా ఎనకపడితే మీ అయ్య తన సోటు సూపించీస్తాడేటి? ఏదో ఉత్త నీల్లల్లో పొద్దస్తమానం వలేసీసి, ఒట్టి చేతుల్తో ఇంటికొచ్చి ఇలాగే పళ్లికిలించీవోడు. ఎవలో ఎనకపడ్డారే ఆడికి."

రేవతికి కాళ్ల కింద నేల నిజంగానే కదిలినట్టయింది.

తెలుసు. వాళ్ల వాడలో అందరికీ తెలుసు. సముద్రం అడుగున రాళ్లుండి చేప చేరే చోట్లు కొన్ని ఉంటాయి. ఒడ్డున ఉన్న ఈ కొండ కొసా ఆ కొండ మీది దీపస్తంభమూ ఒక వరసలోకి వచ్చే చోటని గుర్తు పెట్టుకుంటారు. కనిపెట్టిన వాడిదే ఆ చోటు. వెనక వేరే పడవ వస్తోందంటే అక్కడికి వెళ్లరు. ఆ రోజుకు పస్తున్నా సరే, వెంటపడిన వాడిని ఊరికే తిప్పి తిప్పి ఇంటికి పంపిస్తారు.

తండ్రికి ఆ ఇరవై నాలుగో రోజు తెలియక కాదు. ప్రొఫెసర్‌ని తిప్పుతున్నాడు.

సాయంత్రం ఆయన్ని సముద్రం ఒడ్డుకు తీసుకెళ్లింది. చిన్న చిన్న పడవలు తాళ్లకు ఊగుతున్నాయి. వాటిని చూస్తే ఆయనకు కాస్త నయం. ఒంట్లో ఊపూ కంటికి కనిపించే ఊపూ ఒకటైతే తల తిరగదు.

"అయ్యా, ఇరవై నాలుగో రోజు ఎవరు వెనక పడ్డారు?"

దానయ్య పడవల వైపే చూశాడు. "మీ యమ్మ సెప్పిందేటి? దానికి దయ్యం కల్లు," అని గొణిగాడు.

"చెప్పు అయ్యా."

"పడవ ఉన్నాది ఎనకాల. ఆడు మాటిమాటికీ తల ఎనక్కి తిప్పుతన్నాడు. నా మెడ నొప్పెట్టీసినాది ఆడితో పాటు తిప్పలేక. కప్పం కావాలో పిల్లలే కావాలో, ఎవలోగాని ఒగ్గడం లేదు. అప్పుడు ఆడేం సేసాడో తెల్సా? దారి తప్పించీసాడు. ఎల్లాల్సింది ఒకవైపు, ఎల్లింది ఒకవైపు. అందర్నీ పెట్టుకోని, తాగీ నీల్లు తగ్గిపోతన్నా, తిప్పుతన్నాడు. మంచి సరంగే. నానైనా అలాగే సేద్దును."

"అది చెప్పేస్తే ప్రొఫెసర్ పటం కలుస్తుంది. తర్వాతి రోజులకు వెళ్లిపోతాం. నువ్వు దిగుతావు. నీ కాళ్లు నీకొస్తాయి."

"కలిసి, ఎల్లి, దిగి, ఆ ఊరు తవ్వీస్తారు."

"తవ్వితే ఏమైంది? ఆడు చచ్చి రెండు వేల ఆరొందల ఏళ్లయింది. ఆ పిల్లలు చచ్చిపోయారు. వెనకపడ్డవాళ్లూ చచ్చిపోయారు!"

"నాకేటి తెల్సే అదంతా?" దానయ్య ఆమె వైపు తిరిగాడు. తిరగబోయి తూలాడు. ఆమె భుజం పట్టుకున్నాడు గానీ మాట ఆపలేదు. "ఆడు నన్ను పడవెక్కించుకున్నాడు. సుక్కాని కాడ ఆడి పక్కన నిలబెట్టుకున్నాడు. పెల్లాం పిల్లలతో నమ్ముకొచ్చినోల్లు ఉన్నారు ఆ పడవలో. ఎవలికీ సెప్పకుండా సచ్చిపోనాడు ఆడు. నాను ఒడ్డుకొచ్చి ఊరంతా సెప్పీమంటావా?"

"మరి నీ సంగతి?"

"ఊగుతాను. అలవాటే."

ఆయన ఆ మాట తేలిగ్గానే అన్నాడు. కానీ ఆమె భుజం మీది ఆయన చెయ్యి వదలలేదు. ఇంటి దాకా ఆ చెయ్యి అలాగే ఉంది. చిన్నప్పుడు కూడా ఆయన ఆమె చెయ్యి పట్టుకుని నడిచింది తక్కువే.

ఆ రాత్రి రేవతి పడుకోకుండా ఆలోచించింది. ప్రొఫెసర్‌కి నిజం చెబితే తండ్రి మాట పోతుంది. చెప్పకపోతే తండ్రి పోతాడు. మూడో దారి ఒకటే ఉంది. పంతొమ్మిదో రోజు తర్వాత సరంగు ఒడ్డు దిగింది ఇరవై తొమ్మిదో రోజున. గీత చూస్తేనే తెలుస్తుంది, అక్కడ కెరటం ఆగి, అడుగులు మొదలవుతాయి. ఇరవై నాలుగు నుంచి అయిదు రోజులు, అంటే యంత్రంలో రెండున్నర గంటలు. కాదిస్‌లో మధ్యాహ్నం రెండింటికి ఊరంతా తలుపులు మూసుకుని భోంచేసి కునుకు తీస్తుంది. నాలుగున్నర దాకా ప్రయోగశాలలో పిల్లి కూడా ఉండదు.

మర్నాడు రెండూ అయిదుకు ఆమె తండ్రిని ఆ కుర్చీలో కూర్చోబెట్టి బిళ్లలు అతికించింది. మాటలు రాసుకునే యంత్రం ముట్టుకోలేదు. పటం ఉన్న బల్ల దీపం ఆర్పేసింది.

"ఎవలూ లేరేటి?" అన్నాడు దానయ్య.

"మనిద్దరమే. ఎటు వెళ్తున్నాడో నాకు చెప్పకు. నీలో నువ్వే తెలుసుకో. దిగు అంతే."

ఆయన కూతురి ముఖంలోకి చూశాడు. ఉద్యోగం ఏమౌతుందని అడగలేదు. అడిగితే ఆమె వెనకాడుతుందేమో అనుకున్నట్టు గబుక్కున కళ్లు మూసుకున్నాడు.

ఇరవై నాలుగు గడిచింది. ఇరవై అయిదు. తెర మీద గీత లేస్తూ పడుతూ ఉంటే, దానయ్య మెడ మాటిమాటికీ వెనక్కి తిరుగుతోంది. ఇరవై ఆరో రోజు మధ్యలో గీత ఒక్కసారిగా సన్నబడింది.

"తెరసాప దించీసినాడు," అన్నాడు గుసగుసగా. "మంచు కమ్మీసుంటాది. ఒక్కలూ కదల్డం లేదు గుంటా. ఇంతమంది ఉన్నారు, బరువు ఉలకడం లేదు. పిల్లలు కూడా. నోల్లు మూసీసుంటారు తల్లులు."

రేవతి కూడా ఊపిరి బిగపట్టింది. తెర మీది గీతలో, ఉన్నట్టుండి, మూడు చిన్న ముళ్లలాంటివి లేచాయి.

"పక్కనుంచి పడవొకటి ఎల్లిపోనాది. దాని కెరటం తగిలింది." దానయ్య పిడికిళ్లు బిగుసుకున్నాయి. చాలాసేపటి తర్వాత విప్పుకున్నాయి. "ఎల్లిపోనాది. మనల్ని సూడలేదు."

మనల్ని అన్నాడు.

నాలుగున్నర కావస్తుండగా తలుపు తెరుచుకుంది. ప్రొఫెసర్ ఇనేస్. ఆమెకు కూడా ఆ మూడు వారాలుగా మధ్యాహ్నాలు కునుకు పట్టడం లేదు. కుర్చీలో దానయ్యనూ, వెలుగుతున్న తెరనూ, ఆరిపోయిన బల్ల దీపాన్నీ చూసింది.

"మాటలు రాసేది ఎందుకు ఆపావు?"

"ఆపలేదు ప్రొఫెసర్. అసలు పెట్టలేదు." రేవతి తండ్రి కుర్చీ ముందుకు వచ్చి నిలబడింది. "ఆయనకు దారి తెలుసు. మీకు చెప్పడు. ఆ సరంగు దాచిన చోటు, ఆయనా దాచుతాడట. చెప్పేదాకా మీరు తిప్పుతూనే ఉంటారు. డాక్టరు వారమే గడువు అన్నాడు. అందుకే దించేస్తున్నాను."

"నా పద్దెనిమిదేళ్ల పని ఇది, రేవతీ."

"తెలుసు."

ప్రొఫెసర్ బల్ల దగ్గరికి రెండడుగులు వేసింది. సరిగ్గా అప్పుడే దానయ్య కుర్చీలోంచి సగం లేచాడు. మోకాళ్లు వంచి, దేన్నో భుజానికి ఎత్తుకున్నట్టు వంగి, లేచి, బరువుగా ఊగాడు.

"ఏం చేస్తున్నాడు?"

"ఒడ్డు తగిలింది," అంది రేవతి. తండ్రి పెదాలు కదులుతుంటే విని చెబుతోంది. "మొల లోతు నీళ్లలో దిగాడట. పిల్లల్ని మోసుకెళ్లి ఇసక మీద దించుతున్నాడు. వెళ్లేటప్పుడు బరువు, వచ్చేటప్పుడు తేలిక."

దానయ్య మళ్లీ వంగాడు. మళ్లీ లేచాడు. ప్రొఫెసర్ నిలబడే ఉంది. ఆమె చెయ్యి మాటలు రాసే మీట మీద ఉంది. నొక్కలేదు. మనిషి అలా పిల్లల్ని దించుతూ ఉంటే మధ్యలో పిలవడానికి ఎవరికీ నోరు రాదు.

చివరకు ఆయన మెడ వంగింది. చాలాసేపు అలాగే ఉండిపోయింది.

"ఎవలో మనిసిని పట్టుకోనున్నాడు," అన్నాడు. "ఆడిదే. ఆడి మనిసే. ఒగ్గడం లేదు... ఒగ్గీసినాడు."

గీత మీద అడుగులు నీటి వైపు తిరిగాయి. సీసపు రేకు చెప్పింది నిజమే. అందర్నీ అక్కడ దించి, అతనొక్కడే, చోటు ఎవరికీ తెలియకూడదని, ఖాళీ పడవతో గాదిర్‌కు తిరిగొచ్చాడు. నలభై రోజుల గీతలో ఇంకా పదకొండు రోజులున్నాయి.

దానయ్య కళ్లు తెరిచాడు. "తీసీ గుంటా. ఆడు ఎనక్కెల్లిపోతన్నాడు. నానెల్ను. నాను ఇక్కడ దిగీసినాను."

"ఒక్క రోజు," అంది ప్రొఫెసర్ ఇంగ్లీషులో, బతిమాలుతున్నట్టు. "తిరుగు దారి ఒక్క రోజు ఉంచు. గాలి ఎటునుంచో ఒక్క మాట ఆయన నోట వస్తే చాలు, నేను లెక్క కట్టుకుంటాను. ఇకమీదట నువ్వు ఏ ప్రయోగశాలలో అడిగినా నా మాట సాయం ఉంటుంది. ఇప్పుడు తీసేస్తే ఉండదు."

రేవతి రెండు బిళ్లలూ తీసేసింది.

దానయ్య లేచి నిలబడ్డాడు. మొదట కాళ్లు ఎడంగానే పెట్టాడు. తర్వాత కుడి పాదాన్ని నెమ్మదిగా ఎడమ పాదం పక్కకు జరిపి, రెండూ ఆనించి నిలబడ్డాడు. గచ్చు వైపు అనుమానంగా చూశాడు. అది కదల్లేదు. ఆయన ముక్కు ఎగబీల్చి, ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"ఎంతమంది పిల్లలు?" ప్రొఫెసర్ అడిగింది. ఆ ఒక్కటి చెప్పొచ్చా అని రేవతి తండ్రిని అడిగింది.

"పందొమ్మిది," అన్నాడు దానయ్య. "ఒకడు బాగా బరువు. ఏం పెట్టి పెంచారో."

ప్రొఫెసర్ ఒక కాగితం మీద ఆ సంఖ్య వేసింది. కింద ఏమీ రాయలేదు.

రాత్రి భోజనాల వేళకు రేవతి తన గుర్తింపు కార్డూ తాళంచెవులూ అప్పగించడానికి ఒక్కతే తిరిగి వచ్చింది. తొమ్మిదిన్నర దాటినా అక్కడ జూన్‌లో వెలుతురు పోదు. కిటికీలోంచి పడమటి ఎండ తెర మీద పడుతోంది. ప్రొఫెసర్ ఇనేస్ మధ్యాహ్నం నిలబడ్డ చోటే కుర్చీ వేసుకుని కూర్చుంది. యంత్రం ఆపలేదు. కుర్చీలో ఎవరూ లేరు, బిళ్లలు ఖాళీగా వేలాడుతున్నాయి. తెర మీద గీత మాత్రం లేస్తూ పడుతూ పోతోంది. ఖాళీ పడవ కాబట్టి ఊపు త్వరత్వరగా ఉంది. ఆ ఊపులో ఒక్క కెరటం పేరు కూడా ఆమెకు తెలియదు.

"పదకొండు రోజులూ చూశారా?"

"అంత దూరం ఒక్కణ్ణే పంపించబుద్ధి కాలేదు," అంది ప్రొఫెసర్.

రేవతి కార్డూ తాళంచెవులూ బల్ల మీద పెట్టి, పక్కనే నిలబడింది. గీత క్రమంగా సన్నబడింది. ఇంకా సన్నబడింది. ఒక చిన్న కుదుపు వచ్చి, ఆగిపోయింది. గాదిర్.

ప్రొఫెసర్ తల తిప్పింది. "మీ నాన్నగారు ఇంటికి ఎలా వెళ్లారు?"

"నడిచే వెళ్లాడు," అంది రేవతి. "నాకంటే ముందు."